విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠం ఎలా చెప్పాలి: సూత్రానికి ముందు క్షేత్రం

గతిశాస్త్రం చెప్పేటప్పుడు టీచరుకి ఒక ఆసరా ఉంటుంది. విద్యార్థి చిన్నప్పటి నుంచి రాళ్లు విసిరాడు, సైకిలు తొక్కాడు, జారి పడ్డాడు. ఆ అనుభవంలోంచి పుట్టిన ఆలోచనలు కొన్ని తప్పే అయినా మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. విద్యుత్తు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆసరా పోతుంది. విద్యుత్ ఆవేశాన్ని (ఛార్జిని) ఎవరూ కళ్లతో చూడలేదు, దాని ప్రభావం చుట్టూ పరుచుకున్న క్షేత్రాన్ని (ఫీల్డుని) చేత్తో పట్టుకోలేదు. కనపడని వాటి గురించి వరసగా పది సూత్రాలు బోర్డు మీద పడితే విద్యార్థికి బట్టీ పట్టడం తప్ప వేరే దారి ఉండదు.

నేను మొదట్లో రెండు ఆవేశాల మధ్య బలాన్ని చెప్పే కూలుమ్ నియమంతో మొదలుపెట్టి రెండో రోజుకే లెక్కల్లోకి దిగేవాణ్ణి. పిల్లలు లెక్కలు బాగానే చేసేవారు. కానీ "ఈ రెండు ఆవేశాల మధ్య ఈ చుక్క దగ్గర క్షేత్రం ఎటు ఉందో బాణం గీయండి" అంటే సగం మంది పెన్ను ఆపేసేవారు. అప్పటి నుంచి వరస మార్చాను. ఈ కోర్సు మొత్తంలో నడిచే కథ క్షేత్రానిదే. దాన్ని గీయడం, అది ఏం చేస్తుందో ముందే ఊహించడం అలవాటయ్యాకే సూత్రం రావాలి. ఆ వరసలో ఏ మెట్టు దగ్గర ఏం చేయాలో, ఎక్కడ ఆగాలో చెబుతాను.

మొదటి క్లాసు: ఒక కాగితం, ఐదు ప్రశ్నలు

పాఠం మొదలుపెట్టకముందే అందరికీ ఒక తెల్లకాగితం ఇవ్వండి. మార్కులు లేవని, తోచింది రాయమని, ఒక్కో జవాబు కింద ఒక్క వాక్యం కారణం రాయమని చెప్పండి. నేను అడిగే ప్రశ్నలు ఇవి. నాలుగు కూలుమ్‌ల ఆవేశం, ఒక కూలుమ్ ఆవేశం ఎదురెదురుగా ఉంటే దేని మీద ఎక్కువ బలం పడుతుంది? ఒక సెల్లుకి ఒకే రకం బల్బులు రెండు ఒకదాని తర్వాత ఒకటి కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? బలమైన అయస్కాంతం పక్కన ఆవేశం కదలకుండా ఉంటే దాని మీద అయస్కాంత బలం ఎటు ఉంటుంది? తీగచుట్ట లోపల అయస్కాంతాన్ని కదలకుండా ఉంచితే చుట్టలో కరెంటు ఎంత? స్విచ్చి దగ్గరున్న ఎలక్ట్రాన్ బల్బు దాకా చేరడానికి ఎంతసేపు పడుతుంది?

కాగితాలు తీసుకుని దాచుకోండి. ఆ రోజు జవాబులు చెప్పవద్దు. వాళ్లు అడుగుతారు, అయినా చెప్పవద్దు. ఆ ప్రశ్న మనసులో తొలుస్తూ ఉంటేనే, ఆ పాఠం వచ్చిన రోజు వాళ్లు నిటారుగా కూర్చుంటారు.

అన్ని క్లాసులకీ ఒకే పద్ధతి

ఏ ప్రయోగం చూపించినా ముందు ఏం జరుగుతుందో రాయించండి. తర్వాత పక్కవాళ్లతో మూడు నిమిషాలు వాదించుకోనివ్వండి. ఆ తర్వాతే చూపించండి. చూశాక ఎవరి ఊహ ఎందుకు తప్పిందో వాళ్లనే చెప్పమనండి. ఊహించకుండా చూసిన ప్రయోగం తమాషాలా గడిచిపోతుంది. చేతులెత్తించి ఓట్లు తీసుకుంటే ఇంకా మంచిది. క్లాసులో 30 నుంచి 70 శాతం మంది సరైన జవాబు చెబితే చర్చకి వదలండి. అంతకన్నా తక్కువైతే మీరే మరోసారి వివరించాలి. ఎక్కువైతే ముందుకు వెళ్లిపోవచ్చు.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఈ పద్ధతిని 1990ల మొదట్లో తన ఫిజిక్సు క్లాసులో పెట్టారు. ఆయన్ని అటు నడిపించింది కూడా కొంతవరకు ఈ పాఠమే. రెండు లూపులున్న సర్క్యూట్‌లో కరెంటు, వోల్టేజీల లెక్క కట్టే కిర్కాఫ్ సమీకరణాలు రాసి సాధించిన విద్యార్థులు, స్విచ్చి వేస్తే ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో చెప్పలేకపోయారు. మీ క్లాసులో ఒకసారి అడిగి చూడండి, అదే కనిపిస్తుంది.

ఆవేశం: టేపుతో ఒక గంట

ప్లాస్టిక్ టేపు ముక్క ఒకటి బల్ల మీద అతికించండి. దాని మీద ఇంకో రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి, "పై", "కింద" అని రాయండి. ఆ పై రెండింటినీ కలిపే మెల్లగా లేపి, అంటుకోని వైపు వేలితో నిమరండి. జంట చేతికి లాగకుండా ఉందంటే దాని మీద నికర ఆవేశం లేనట్టే. ఇప్పుడు రెండింటినీ చటుక్కున విడదీయండి. అవి ఒకదానికొకటి లాక్కుంటాయి. పక్క బల్ల వాళ్ల "పై" టేపుని మీ "పై" టేపు దగ్గరికి తెస్తే రెండూ తోసుకుంటాయి. రెండు రకాల ఆవేశాలున్నాయని, విడదీయడంలో ఆవేశం కొత్తగా పుట్టలేదని విద్యార్థే చెప్పగలడు.

అసలైన ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. ఏ ఆవేశమూ లేని వేలిని "పై" టేపు దగ్గర పెట్టమనండి, లాగుతుంది. "కింద" టేపు దగ్గర పెట్టినా లాగుతుంది. మరి వేలి మీద ఉన్నది ఏ ఆవేశం? ఇక్కడ తొందరపడకండి. క్లాసు మొత్తం తికమకపడనివ్వండి. టేపు వల్ల వేలిలోని ఆవేశాలు కొద్దిగా సర్దుకుంటాయి, వ్యతిరేక ఆవేశం దగ్గరవుతుంది, దగ్గరి ఆకర్షణ దూరపు వికర్షణ కన్నా ఎక్కువవుతుంది. ఇలా సర్దుకోవడమే ధ్రువణం. దాని గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా దీనంత బాగా ఎక్కదు. ఆకర్షణ కనిపించినంత మాత్రాన వస్తువు మీద ఆవేశం ఉందని చెప్పలేమని, వికర్షణే నమ్మదగ్గ పరీక్ష అని కూడా దీంతోనే తేలిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఈ ప్రయోగం సరిగ్గా రాదు, కాబట్టి ముందు రోజు ఒకసారి చేసి చూసుకోండి.

కూలుమ్ నియమానికి ఇప్పుడు సమయం వచ్చింది. 1785లో ఆయన మెలితిరిగే సన్నని తీగతో త్రాసు చేసి కొలిచిన సంగతి చెప్పండి. మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఇప్పుడే వాళ్లతో చెప్పించండి: రెండు ఆవేశాల మీదా ఒకే బలం. న్యూటన్ మూడో నియమాన్ని కంఠస్థం చేసినవాళ్లు కూడా "పెద్ద ఆవేశం ఎక్కువ తోస్తుంది" అనే అంటారు. గతిశాస్త్రం ఒక గదిలో, విద్యుత్తు ఇంకో గదిలో ఉన్నాయని వాళ్ల మనసు అనుకుంటుంది. ఆ గోడ కూలాలంటే ఈ ఒక్క ప్రశ్నని ఆ వారంలో రెండు మూడు రూపాల్లో అడగాలి. హైడ్రోజన్ పరమాణువులో విద్యుత్ బలానికీ గురుత్వ బలానికీ నిష్పత్తి కట్టమనండి. సుమారు 2×10³⁹ వస్తుంది. ఇంత పెద్ద బలం మన చుట్టూ ఉంటే మనకెందుకు తెలియడం లేదని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ అడగకపోతే మీరు అడగండి.

క్షేత్రం: ఇక్కడ తొందర వద్దు

నా అనుభవంలో కోర్సు నిలిచేదీ కూలేదీ ఇక్కడే. సిలబస్ అయిపోదేమో అన్న టెన్షన్‌తో చాలామంది ఒక్క క్లాసులో క్షేత్రం నిర్వచనం చెప్పి దాటేస్తారు. మూడు క్లాసులు ఇవ్వండి. గాస్ నియమం దగ్గర, ప్రేరణ దగ్గర ఆ సమయం తిరిగి వస్తుంది.

బోర్డు మీద ఒక ధనావేశం గీసి, దూరంగా ఒక చుక్క పెట్టండి. "ఇక్కడ శోధన ఆవేశం (పరీక్షించడానికి పెట్టే చిన్న ధనావేశం) పెడితే బలం ఎటు?" అని అడగండి. బాణం గీస్తారు. "ఇప్పుడు శోధన ఆవేశాన్ని తీసేశాను. అక్కడ ఏమైనా మిగిలిందా?" అని అడిగి ఆగండి. ఈ ప్రశ్నకి వాళ్లు ఇచ్చే జవాబుల్లో క్షేత్రం అనే భావన మొలకెత్తుతుంది. శోధన ఆవేశాన్ని రెట్టింపు చేస్తే బలం మారుతుంది, క్షేత్రం మారదు. దాన్ని రుణావేశం చేస్తే బలం దిక్కు మారుతుంది, క్షేత్రం దిక్కు మారదు. ఈ రెండు వాక్యాలూ విద్యార్థి నోటి నుంచి రావాలి.

తర్వాత ఒక పేజీ నిండా చుక్కలు, రెండు ఆవేశాలు ఉన్న కాగితం ఇవ్వండి. ప్రతి చుక్క దగ్గరా ముందు రెండు లేత బాణాలు, తర్వాత వాటి మొత్తానికి ఒక ముదురు బాణం గీయాలి. ఒక్క అంకె కూడా వద్దు. దూరం రెట్టింపైతే బాణం నాలుగో వంతు అవుతుందన్నంత వరకు చాలు. రెండు ధనావేశాలకి ఒక కాగితం, ఒక ధనం ఒక రుణానికి ఇంకో కాగితం. సదిశల కూడిక చేతికి రావాలంటే ఈ శ్రమ తప్పదు. ఈ కాగితాలు నింపినవాళ్లకి ద్విధ్రువం (సమాన ధన, రుణ ఆవేశాల జంట) సూత్రం రాబట్టినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది.

బలరేఖలు ఆ తర్వాతే గీయించండి, ఒక హెచ్చరికతో. ఆవేశాన్ని వదిలితే అది బలరేఖ వెంటే ప్రయాణిస్తుందని చాలామంది అనుకుంటారు. రేఖ చెప్పేది బలం దిక్కు, అంటే త్వరణం దిక్కు. రేఖ వంపు తిరిగినప్పుడు వేగం ఉన్న కణం ఆ రేఖని వదిలేస్తుంది. గురుత్వ బలం నిలువుగా కిందికి ఉన్నా విసిరిన రాయి వంపు దారిలో పోతుందని గుర్తు చేస్తే చాలు.

గాస్ నియమం: మూడు ప్రశ్నలతో

సమాకలనం గుర్తు చూడగానే బెదిరిపోయేవాళ్లుంటారు, కాబట్టి అభివాహాన్ని మొదట మాటల్లో చెప్పండి: మూసిన ఉపరితలం నుంచి బయటికి వెళ్లే రేఖల లెక్కలోంచి లోపలికి వచ్చేవి తీసేస్తే మిగిలేది. అది లోపలున్న మొత్తం ఆవేశాన్ని బట్టే ఉంటుందన్నది గాస్ నియమం. తర్వాత ఒక ఊహా గోళం గీసి, మధ్యలో ఆవేశం పెట్టి ఈ మూడు ప్రశ్నలు వరసగా అడగండి.

ఆవేశాన్ని గోళం లోపలే ఒక పక్కకి జరిపితే మొత్తం అభివాహం మారుతుందా? మారదు. గోళం మీద ఒక చుక్క దగ్గర క్షేత్రం మారుతుందా? మారుతుంది. ఇప్పుడు గోళం బయట ఇంకో ఆవేశం పెట్టాను, అభివాహం ఏమైంది, క్షేత్రం ఏమైంది? అభివాహం అంతే, క్షేత్రం మాత్రం గోళం మీద అన్నిచోట్లా మారిపోయింది.

ఎక్కువ మంది చేసే తప్పు ఇక్కడే బయటపడుతుంది. సమీకరణానికి కుడివైపు లోపలి ఆవేశమే ఉంది కదా అని, ఎడమవైపున్న క్షేత్రం కూడా లోపలి ఆవేశం వల్ల వచ్చిందే అనుకుంటారు. ఆ క్షేత్రం లోపలా బయటా ఉన్న ఆవేశాలన్నిటిదీ. అలాగే, లోపల ఆవేశం లేదు కాబట్టి క్షేత్రం సున్నా అని రాసేస్తారు. సున్నా అయ్యేది అభివాహం. గాస్ నియమం ఎప్పుడూ నిజమే, కానీ దాంతో క్షేత్రాన్ని కట్టగలిగేది గోళం, పొడవాటి స్తూపం, పెద్ద పలక లాంటి సౌష్ఠవం ఉన్నప్పుడే. నేను కావాలనే ఒక ఘనం ఆకారపు ఆవేశాన్ని ఇచ్చి "గాస్ నియమంతో క్షేత్రం కట్టండి" అంటాను. కట్టలేమని, ఎందుకు కట్టలేమో రాసినవాళ్లకే పూర్తి మార్కులు. ఘనం మూల మీద ఆవేశం పెడితే ఆ ఘనం గుండా వెళ్లే అభివాహం ఎంతో కూడా అడగండి. అలాంటి ఘనాలు ఎనిమిది పేరిస్తే ఆవేశం మధ్యలోకి వస్తుందని తట్టినవాళ్ల ముఖం చూడటం టీచరుకి దొరికే మంచి క్షణాల్లో ఒకటి.

పొటెన్షియల్

పొటెన్షియల్‌ని (ఒక కూలుమ్ ఆవేశానికి అక్కడ ఉండే స్థితిశక్తిని) ఎత్తుతోనూ, క్షేత్రాన్ని వాలుతోనూ పోల్చండి. కొండల మ్యాపులో సమాన ఎత్తు గీతలు దగ్గరగా ఉన్నచోట వాలు ఎక్కువ. సమ పొటెన్షియల్ రేఖలు దగ్గరగా ఉన్నచోట క్షేత్రం ఎక్కువ, దాని దిక్కు పల్లానికి. ఈ పోలిక నిలబడిందో లేదో తేల్చడానికి రెండు ప్రశ్నలు చాలు. రెండు సమాన ధనావేశాల మధ్య బిందువు దగ్గర క్షేత్రం సున్నా, పొటెన్షియల్ సున్నానా? కాదు. సమాన ధన, రుణ ఆవేశాల మధ్య బిందువు దగ్గర పొటెన్షియల్ సున్నా, క్షేత్రం సున్నానా? కాదు. ఎత్తు సున్నా అయినంత మాత్రాన నేల చదునుగా ఉండక్కర్లేదు కదా.

పొడి గాలి సుమారుగా మీటరుకి 30 లక్షల వోల్టుల దగ్గర విద్యుత్తుకి దారి ఇస్తుంది. అంటే తలుపు గొళ్లెం దగ్గర వేలికి తగిలే ఒక మిల్లీమీటరు నిప్పురవ్వ వెనక సుమారు 3,000 వోల్టులున్నాయి. అయినా మనకేమీ కాలేదు. ఎందుకని అడగండి. వోల్టేజీ వేరు, ఆవేశం పరిమాణం వేరు, శక్తి వేరు అన్న మాట ఇక్కడ దిగుతుంది. ఆవేశాన్ని రెండు పలకల మీద దాచే కెపాసిటర్ పాఠానికి ఇంతకన్నా మంచి వాకిలి లేదు.

సర్క్యూట్‌లు: ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే తీగ

ఈ మూడే ఇచ్చి బల్బు వెలిగించమనండి. హోల్డరు ఇవ్వవద్దు. ఫిలమెంటు ఉన్న చిన్న టార్చి బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. డిగ్రీ విద్యార్థులు కూడా మొదట సెల్లు రెండు కొనలనీ తీగతోనే కలిపేస్తారు, లేదా బల్బు అడుగునే రెండూ తాకిస్తారు. తీగ వేడెక్కితే వెంటనే తీసేయమని ముందే చెప్పండి. వెలిగించిన ప్రతి జట్టూ కరెంటు దారిని బల్బు లోపలి నుంచి కూడా గీయాలి.

తర్వాత ఊహ: మొదటి సెల్లుకి ఒక బల్బు. రెండో సెల్లుకి రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటి. మూడో సెల్లుకి రెండు బల్బులు సమాంతరంగా, అంటే ఒక్కోటీ నేరుగా సెల్లు రెండు కొనలకీ. అన్ని బల్బులూ ఒకటే, సెల్లులూ ఒకటే. ఐదు బల్బుల్నీ వెలుగు వరసలో పెట్టండి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మట్ బృందం ఇలాంటి ప్రశ్నలతో ఏళ్ల తరబడి విద్యార్థుల ఆలోచనల్ని పరిశీలించింది. రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి, మొదటి బల్బు కరెంటులో కొంత వాడేసుకుంటుంది, రెండోదానికి తక్కువ మిగులుతుంది. రెండు, సెల్లు ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుంది. నిజానికి ఒంటరి బల్బు, సమాంతరంలోని రెండూ సమానంగా వెలుగుతాయి. శ్రేణిలోని రెండూ వాటికన్నా మసకగా, తమలో తాము సమానంగా వెలుగుతాయి. సమాంతరంలో వెలుగు కాస్త తగ్గినట్టు ఎవరైనా పట్టుకుంటే మెచ్చుకోండి, అది సెల్లు లోపలే ఉండే అంతర్ నిరోధం వల్ల. దాన్ని దాచిపెట్టవద్దు.

కరెంటు ఖర్చవదు, శక్తి చేతులు మారుతుంది అని చెప్పడానికి నేను సైకిలు గొలుసుని వాడతాను. తొక్కగానే గొలుసు అంతా ఒకేసారి కదులుతుంది. వెనక చక్రం దగ్గర గొలుసు తరిగిపోదు, కానీ పని అక్కడ జరుగుతుంది. ఇదే పోలిక ఐదో ప్రశ్నకి దారి తీస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగితీగలో ఒక ఆంపియర్ కరెంటుకి డ్రిఫ్ట్ వేగం (ఎలక్ట్రాన్లు తీగ వెంట జరిగే సగటు వేగం) కట్టించండి. ఒక ఘనపు మీటరు రాగిలో 8.5×10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లని తీసుకుంటే, సెకనుకి సుమారు 0.07 మిల్లీమీటరు వస్తుంది. మీటరు దూరానికి దాదాపు నాలుగు గంటలు. మరి బల్బు వెంటనే ఎలా వెలిగింది? స్విచ్చి వేయగానే తీగ ఉపరితలం మీద ఆవేశాలు సర్దుకుని, తీగ పొడవునా క్షేత్రం కాంతి వేగానికి దగ్గరి వేగంతో నిలబడింది. దాంతో ఎక్కడి ఎలక్ట్రాన్లు అక్కడే కదిలాయి. స్థిర విద్యుత్తులో నేర్చుకున్న క్షేత్రం సర్క్యూట్‌లోకి వచ్చేసిందని ఇక్కడ గట్టిగా చెప్పండి. రెండూ వేర్వేరు పాఠాలని అనుకునేవాళ్లే ఎక్కువ.

ప్రయోగాలన్నీ చిన్న సెల్లులతోనే. గోడ ప్లగ్గు జోలికి వద్దు.

అయస్కాంత క్షేత్రం: పక్కకి తోసే బలం

1820లో డేనిష్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ చూసిందే మొదట చూపించండి. దిక్సూచి మీదుగా రెండు సెంటీమీటర్ల ఎత్తులో తీగని ఉత్తర దక్షిణాలుగా పెట్టి, సూది ఎటు తిరుగుతుందో రాయించండి. చాలామంది తీగ వైపు లాక్కుంటుందని రాస్తారు. సూది పక్కకి తిరుగుతుంది. కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి వెళితే, తీగ కింద ఉన్న సూది ఉత్తర కొన పడమటికి జరుగుతుంది. తీగని సూదికి అడుగున పెట్టి చూపిస్తే తూర్పుకి జరుగుతుంది. తీగ చుట్టూ వలయాలుగా క్షేత్రం ఉందన్న మాట అప్పుడు వాళ్లే అంటారు. తీగని తూర్పు పడమరలుగా పెడితే ఏమవుతుందో ఇంటికి ప్రశ్నగా ఇవ్వండి. రెండు ఆంపియర్లకి రెండు సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం 20 మైక్రోటెస్లా. భూమి క్షేత్రంలో అడ్డంగా ఉండే భాగం 40 మైక్రోటెస్లా అనుకుంటే సూది సుమారు 27 డిగ్రీలు తిరగాలి. లెక్కని కొలతతో పోల్చించండి. సెల్లుకి తీగని నేరుగా కలుపుతున్నారు కాబట్టి రెండు సెకన్లకి మించి ఉంచవద్దు.

కదిలే ఆవేశం మీద బలానికి వచ్చేసరికి మూడో ప్రశ్న బయటికి తీయండి. అయస్కాంత ధ్రువాల్ని ఆవేశాలతో కలిపేసుకోవడం బాగా పాతుకుపోయిన పొరపాటు. ఉత్తర ధ్రువం ధనావేశాన్ని తోస్తుందని రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆవేశం కదలకపోతే అయస్కాంత బలం సున్నా. క్షేత్రానికి సమాంతరంగా కదిలినా సున్నా. అడ్డంగా కదిలితే బలం రెండింటికీ లంబంగా ఉంటుంది. ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటుంది కాబట్టి ఆ బలం పని చేయదు. కణం దారి మారుతుంది కానీ వడి మారదు.

అయస్కాంత బలం దిక్కుని కుడిచేతి వేళ్లతో కనుక్కునే కుడిచేతి నియమం దగ్గర ఒక చిన్న సంగతి. పరీక్షలో కుడిచేత్తో పెన్ను పట్టుకున్నవాళ్లు తెలియకుండానే ఎడమచేతిని తిప్పి చూసుకుంటారు, జవాబు తలకిందులవుతుంది. ఈ నియమం వాడే ముందు పెన్ను కింద పెట్టే అలవాటు మొదటి రోజే చేయించండి. ఎలక్ట్రాన్‌కి కూడా కుడిచేతినే వాడి, ఆఖరున దిక్కు తిప్పమనండి. రెండు చేతులూ వాడితే గందరగోళమే. బోర్డులోకి, బోర్డు బయటికి అన్న గుర్తుల్ని బాణంతో చూపించండి: మొన కనిపిస్తే చుక్క, తోక ఈకలు కనిపిస్తే ఇంటూ గుర్తు.

పాత పాఠ్యపుస్తకాల్లో ఆంపియర్ నిర్వచనం మీటరు దూరంలోని రెండు తీగల మధ్య బలంతో ఉంటుంది. 2019 మే 20 నుంచి ఆంపియర్‌ని ఎలక్ట్రాన్ ఆవేశం విలువ ఆధారంగా నిర్వచిస్తున్నారు. పుస్తకం పాతదైతే ఈ ఒక్క మాట సరిచేసి చెప్పండి.

ప్రేరణ: మారితేనే

తీగచుట్ట గుండా అయస్కాంత క్షేత్రం మారితే అందులో కరెంటు పుట్టడమే ప్రేరణ. కావలసినవి తీగచుట్ట, గాల్వనామీటర్ (చిన్న కరెంటుల్ని ముల్లుతో చూపేది), దండాయస్కాంతం. అయస్కాంతాన్ని లోపలే ఉంచేస్తే ముల్లు ఎక్కడుంటుంది? నాలుగో ప్రశ్న ఇదే. బలమైన అయస్కాంతం కాబట్టి బలమైన కరెంటు అని రాసినవాళ్లు ముల్లు సున్నా దగ్గరే ఉండటం చూసి ఆశ్చర్యపోతారు. వాళ్లకి ఫారడే సంగతి చెప్పండి. 1831 ఆగస్టు 29న ఆయన ఇనుప వలయం మీద రెండు చుట్టలు చుట్టి ప్రయోగం చేసినప్పుడు, బ్యాటరీ కలిపిన క్షణంలో, తీసేసిన క్షణంలో మాత్రమే సూది కదిలింది.

ప్రేరిత కరెంటు ఎటు పోతుందో చెప్పే లెంజ్ నియమాన్ని "వ్యతిరేకిస్తుంది" అన్న ఒక్క మాటతో వదిలేయకండి. వ్యతిరేకించేది మార్పుని, అభివాహాన్ని కాదు. ప్రతి లెక్కలోనూ నాలుగు జవాబులు ఒకదాని కింద ఒకటి రాయించండి: ఇప్పుడున్న అభివాహం ఎటు? పెరుగుతోందా, తరుగుతోందా? అయితే ప్రేరిత క్షేత్రం ఎటు ఉండాలి? దానికి కరెంటు ఎటు తిరగాలి? అభివాహం తరుగుతున్న లెక్కలే ముందు ఇవ్వండి. అప్పుడు ప్రేరిత క్షేత్రం పాత దిక్కులోనే ఉంటుంది, "ఎప్పుడూ ఎదురుగా" అన్న అపోహ మొదట్లోనే తుంచినట్టవుతుంది.

రాగి గొట్టంలో అయస్కాంతాన్ని వదిలే ప్రయోగం తప్పకుండా చేయండి. అయస్కాంతం రాగికి అంటుకోదని ముందు చూపించి, అదే సైజు మామూలు ఇనుప ముక్కని వదిలి, తర్వాత అయస్కాంతాన్ని వదలండి. అది నెమ్మదిగా దిగుతుంటే గొట్టంలోంచి చూడటానికి అందరూ ఎగబడతారు. లెంజ్ నియమం తలకిందులైతే ఏం జరిగేదో ఆ సమయంలో అడగండి. అయస్కాంతం అంతకంతకీ వేగం పుంజుకుంటుంది, శక్తి ఎక్కడి నుంచీ రాకుండా పుడుతుంది. నియోడైమియం అయస్కాంతాల మధ్య వేలు పడితే నలిగిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి వాటిని దూరంగా ఉంచండి.

చురుకైన క్లాసు అయితే ఇంకో మెట్టు ఎక్కించండి. అభివాహం మారుతున్న సాలినాయిడ్ (పొడవాటి తీగచుట్ట) చుట్టూ 100 ఓమ్‌లు, 300 ఓమ్‌లు నిరోధాలతో ఒక లూపు. ప్రేరిత విద్యుచ్ఛాలక బలం (లూపులో కరెంటుని నడిపే వోల్టేజీ) 0.4 వోల్టు. అవే రెండు బిందువులకి కలిపిన వోల్ట్‌మీటర్లు, ఎటు వైపు నుంచి కలిపామన్నదాన్ని బట్టి, 0.1, 0.3 వోల్టులు చూపిస్తాయి, అదీ వ్యతిరేక గుర్తులతో. మారే అయస్కాంత క్షేత్రం పుట్టించిన విద్యుత్ క్షేత్రానికి కొండ ఎత్తుల పోలిక పనికిరాదు, ఎందుకంటే చుట్టూ తిరిగి వస్తే ఎత్తు అంతే ఉండదు. పోలిక ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం కూడా మన పనే.

మాక్స్‌వెల్ దగ్గర

ఛార్జి అవుతున్న కెపాసిటర్ గీసి, తీగ చుట్టూ ఒక ఆంపియర్ లూపు గీయండి, అంటే గుండా వెళ్లే కరెంటుని బట్టి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని కట్టే ఊహా వలయం. లూపుకి కట్టిన ఉపరితలం తీగని కోస్తే కరెంటు ఉంది. అదే ఉపరితలాన్ని సంచిలా సాగదీసి పలకల మధ్య నుంచి పోనిస్తే కరెంటు లేదు. లూపు ఒకటే, జవాబులు రెండు. ఈ చిక్కులో వాళ్లని కాసేపు ఉండనివ్వండి. పలకల మధ్య మారుతున్నది ఏమిటని అడిగితే, మొదటి వారం నుంచి బాణాలు గీసిన చేతులు జవాబు చెబుతాయి: విద్యుత్ క్షేత్రం.

ఆ తర్వాతి లెక్క బోర్డు మీద మీరు చేయవద్దు. 8.85×10⁻¹², 1.257×10⁻⁶ ఈ రెండు అంకెలు ఇచ్చి, గుణించి, వర్గమూలం తీసి, విలోమం చేయమనండి. ఒకటి ఆవేశాల బలంలోంచి వచ్చిన అంకె, ఇంకోటి కరెంటుల బలంలోంచి వచ్చిన అంకె. కాంతి ఊసు ఎక్కడా లేదు. గదిలో ఒక్కొక్కరికీ 3×10⁸ వస్తుంటే మీరేమీ మాట్లాడకండి. తర్వాత చెప్పండి: 1856లో వెబర్, కోల్‌రౌష్ ప్రయోగశాలలో విద్యుత్ కొలతలతోనే ఈ వేగానికి దగ్గరి విలువ రాబట్టారు, 1865లో మాక్స్‌వెల్ కాంతి విద్యుదయస్కాంత తరంగమని రాశారు, 1880ల చివర్లో హెర్ట్జ్ ఆ తరంగాల్ని పుట్టించి చూపించారు.

చివరి క్లాసులో ఆ కాగితాలు

పరీక్ష పేపర్లో కనీసం మూడో వంతు మార్కులు అంకెలు లేని ప్రశ్నలకి కేటాయించండి: గీయండి, వరసలో పెట్టండి, కారణం రెండు వాక్యాల్లో రాయండి. అలా చేయకపోతే ఇన్నాళ్లు చేసిన పని అంతా అదనపు కాలక్షేపమని విద్యార్థులు అనుకుంటారు, వాళ్లని తప్పుపట్టలేం.

మొదటి రోజు దాచిన కాగితాలు చివరి క్లాసులో తిరిగి ఇచ్చి, వేరే రంగు పెన్నుతో వాళ్లనే దిద్దుకోమనండి. తప్పు కొట్టేసి సరైన జవాబు రాస్తే సరిపోదు, అప్పుడు అలా ఎందుకు అనుకున్నారో కూడా పక్కన రాయాలి. ఆ కాగితాల్ని మళ్లీ తీసుకుని చదవండి. ఇప్పటికీ ఎక్కువమంది తడబడుతున్న ప్రశ్న ఏదో దాని పక్కన వచ్చే ఏటికి ఇంకో రెండు క్లాసులు రాసి పెట్టుకోండి. నాకు ఆ ప్రశ్న చాలాసార్లు రెండోదే, బల్బులది.